మోచేత్తో వినే మిస్త్రీ

వనపర్తిలో మా బడి స్టాఫ్‌రూములో మధ్యాహ్నం పూట ఎవరూ మాట్లాడరు. ఎవరికీ ఓపిక ఉండదు. మొన్న మంగళవారం అలా కూర్చొని ఐదో తరగతి పేపర్లు దిద్దుతుంటే ఫోను మోగింది. చేసింది నర్సింలు. నేను గద్వాల దగ్గర పనిచేసిన రోజుల్లో నన్ను రోజూ కృష్ణ దాటించిన బోటు అతనిది. ఐదేళ్లుగా పండక్కి కూడా ఫోను చేయని మనిషి.

“మేడం, మిస్త్రీ పోయిండు” అన్నాడు.

“ఏ మిస్త్రీ?” అన్నాను.

అడిగిన మరుక్షణమే నాకు సిగ్గేసింది. నర్సింలుకు గానీ నాకు గానీ మిస్త్రీ అంటే ఒక్కడే.

“మన మోటరు మిస్త్రీ, మేడం. గుండెల నొప్పి అన్నడంట. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే అయిపోయింది. వారం దాటింది. ఐతారం దినాలు. మీకు జెప్పాల్ననిపిచ్చింది.”

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఎర్ర పెన్ను మూత తీసి ఉంది. ఆ తర్వాత దిద్దిన పేపర్లలో ఎవరికి ఎన్ని మార్కులు వేశానో నాకు తెలియదు. మళ్లీ దిద్దాలి. అదొక పని.

ఆయన పేరు నాకు తెలియదు. మూడేళ్లు చూశాను, కాకా అని పిలిచాను, ఆయన చేతి టీ తాగాను. ఒడ్డు మీద జాలర్లకు ఆయన మిస్త్రీ, గడ్డ మీద పిల్లలకు మోటరు తాత. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. రోజూ పొద్దున ఇరవై ఆరు మంది పిల్లల్ని పేరుపేరునా పిలిచి హాజరు వేసిన దాన్ని.

గడ్డ అంటే కృష్ణ నడుమ ఉన్న చిన్న ఊరు. చుట్టూ నీళ్లు. ఒక బడి, ఆ బడికి ఒక టీచరు. నాకు గద్వాలలో అద్దె గది. పొద్దున్నే ఆటో ఎక్కి ఒడ్డుకు చేరితే అక్కడినుంచి నర్సింలు బోటు. ఆ బోటు వెనక తగిలించిన మోటరు నాకంటే ఒకటి రెండేళ్లే చిన్నదని నర్సింలు గొప్పగా చెప్పేవాడు. ఎన్ని చేతులు మారి వచ్చిందో, రంగు పోయి కంపెనీ పేరు కూడా చెరిగిపోయింది. తాడు పట్టి లాగితే మూడోసారికో నాలుగోసారికో దగ్గుతూ లేచేది. లేచాక మాత్రం బాగానే పోయేది.

నాకు నీళ్లంటే భయం. ఈత రాదు. మొదటి రోజు బోటులో రెండు చేతులా చెక్క పట్టుకొని బిగుసుకొని కూర్చుంటే, మోటరు పక్కన అడుగున కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. నెరిసిన చెంపలు, గళ్ల లుంగీ, చేతిలో గుడ్డ సంచి.

“ఈత రాదా, మేడం?”

“రాదు.”

“నాకు గూడ రాదు” అన్నాడు. “నలభై ఏండ్ల సంది బోట్ల మీదనే ఉన్న. మోటరు ఆగిందనుకో, ఈత రానోడే మనసువెట్టి బాగుజేస్తడు. ఈత వచ్చినోడు దుంకి పోతడు.”

నాకు ధైర్యం రాలేదు గానీ నవ్వొచ్చింది. ఆయనతో నా పరిచయం అలా మొదలైంది.

మిస్త్రీ పుట్టింది గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో. గుంట మగ్గం. నేలలో గొయ్యి, అందులో కాళ్లు వేలాడేసుకొని నేత నేయాలి. చిన్నప్పుడు పన్నెండేళ్లు అలా కూర్చున్నాడట. మగ్గం వదిలేసి మోటార్లలో పడ్డా కాళ్లు మాత్రం ఆ గొయ్యిని మరిచిపోలేదు. ఎక్కడ కూర్చున్నా కాళ్లు దించడానికి చోటు వెతికేవాడు. బోటులో అయితే అంచు మీదనుంచి నీళ్లలోకి దించేవాడు. ఒడ్డు మీద అయితే మాట్లాడుతూ మాట్లాడుతూనే మడమలతో ఇసుక తవ్వి గొయ్యి చేసుకొని అందులో కాళ్లు పెట్టుకునేవాడు. ఆయన లేచి వెళ్లాక ఒడ్డున రెండు చిన్న గుంటలు మిగిలేవి. గడ్డ పిల్లలు వాటిలో గోళీలాడేవారు.

చెవులు సరిగా వినపడేవి కావు. చిన్నప్పటి మగ్గాల చప్పుడు సగం తిన్నది, మోటార్ల చప్పుడు మిగతా సగం తిన్నది. అందుకని మోటరును చెవితో వినేవాడు కాదు. మోచేయి మడిచి, ఎముకను దాని మూత మీద ఆనించి, కళ్లు మూసుకునేవాడు. ఆ మూతను ఆయన టోపీ అనేవాడు. అట్లా ఒక నిమిషం, రెండు నిమిషాలు. చుట్టూ జనం గోల చేస్తున్నా ఆ కళ్లు తెరిచేవాడు కాదు. తర్వాత చేయి తీసి, పెట్రోలు చుక్క ఒకటి అరచేతిలో వేసుకొని ఆరేదాకా చూసేవాడు. ఆరాక మిగిలిన జిడ్డును వేలితో రుద్ది, “పెట్రోల్ల నూనె తక్కువ వోస్తున్నవ్, నర్సింలూ” అనేవాడు. నర్సింలు తల గోక్కునేవాడు.

టోపీ తీయడానికి ఆయనంత వెనకాడే మిస్త్రీని నేను చూడలేదు. ఈ కాలపు మెకానిక్కులు రాగానే విప్పుతారు. ఈయన మాత్రం పక్కన కూర్చొని మొదట ఒకటే అడిగేవాడు: “నాకన్న ముంగట దీన్ని ఎవడన్న ఇప్పిండా?” ఎవరైనా విప్పారని తెలిస్తే ఆ రోజు ముఖం మాడిపోయేది. విప్పాల్సి వస్తే మాత్రం స్టీలు డబ్బా మూత ఒకటి పక్కన పెట్టుకొని, తీసిన నట్టూ పిన్నూ ఏ వరుసలో తీశాడో అదే వరుసలో అందులో పేర్చేవాడు. ఆ మూతను ఎవరైనా దాటితే ఊరుకునేవాడు కాదు. ఒకసారి నేనే చూసుకోకుండా చీర కుచ్చిళ్లు పట్టుకొని దాటబోయాను. “ఓ పంతులమ్మా! నీ హాజరు బుక్కు మీది నుంచి నేను నడిస్తె ఊకుంటవా?” అని గదమాయించాడు. ఆయన నన్ను ఏకవచనంలో పిలిచింది ఆ ఒక్కసారే. మోటరు లేచేదాకా టీ ముట్టడు. లేచాక గ్లాసులో సగం చక్కెర కావాలి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి ఐదేళ్లు పట్టింది.

గడ్డ బడిలో పిల్లలకు మూఢనమ్మకాల గురించి గట్టిగా చెప్పేదాన్ని. పిల్లి ఎదురొస్తే ఏమీ కాదు, బండికి నిమ్మకాయ కట్టినంత మాత్రాన బ్రేకులు పడవు అని బోర్డు మీద బొమ్మలు కూడా వేసేదాన్ని. అట్లాంటి నేను, మూడో ఏడు దసరా సెలవులకు ముందు చివరి పనిదినం నాడు, హ్యాండ్‌బ్యాగులో ఒక పట్టు పీలిక వేసుకొని బడికి వెళ్లాను. మా అమ్మ పెళ్లినాటి గద్వాల చీర అంచు అది. చీర నూలు చిరిగిపోయినా అంచు పట్టు చెక్కుచెదరలేదు. అమ్మ దాన్ని చించి, పసుపు రాసి, నా చేతిలో పెట్టింది.

“గంగమ్మకు మొక్కి గా మోటరుకు కట్టు బిడ్డా. దసరాకు అందరు కడ్తరు. నువ్వు నీళ్ల మీద ఉన్నంతసేపు నాకు అన్నం దిగుతలేదు.”

వద్దన్నాను. అమ్మ ఏడ్చింది. తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అమ్మ కోసమే కాదు. ఆ ఏడు నది నిండుగా ఉంది, నాకు రోజురోజుకూ భయం పెరుగుతోంది.

మధ్యాహ్నం పిల్లలు అన్నం తింటున్నప్పుడు ఒడ్డుకు వెళ్లాను. నర్సింలు భోజనానికి ఇంటికి పోయాడు. మోటరు నీళ్లలోంచి పైకి లేపి ఉంది. దసరాకు అందరూ పైన టోపీకే కడతారు, కుంకుమ పెడతారు. నేను పైన కడితే పిల్లలు చూస్తారు. మేడం కూడా కట్టిందని పగలబడి నవ్వుతారు. అందుకని కిందికి వంగి, నీళ్లలో మునిగే చోట, రెక్కల ఫ్యాను వెనక, దాని మెడలాంటి కడ్డీకి మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేశాను. నీళ్లలోకి దిగితే ఎవరికీ కనపడదు కదా అని నా తెలివికి నేనే సంతోషించాను కూడా.

సెలవులంతా ఆ బోటు తిరిగింది. నేను మళ్లీ వచ్చేసరికి నర్సింలు పరేషాన్‌లో ఉన్నాడు.

“నిలవడ్డప్పుడు మంచిగ పాడుతుంది మేడం. గేరేస్తే సాలు, ఖల్లాస్.”

తాడు లాగితే మోటరు లేస్తుంది. న్యూట్రల్‌లో గంటసేపైనా అలాగే ఆడుతుంది. గేరు వేయగానే ఒక్క గురక పెట్టి ఆగిపోతుంది. నర్సింలు ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. మిస్త్రీ ఊళ్లో లేడని తెలిసి పట్నంనుంచి ఒక కుర్ర మెకానిక్కును తెచ్చాడు. అతను కార్బరేటరు విప్పి కడిగి, స్క్రూ తిప్పి, మోటరు ఉత్తగా ఉన్నప్పుడే బొయ్యిమని అరిచేలా చేసి వెళ్లాడు. అంత అరుపు మీద గేరు వేస్తే ఢబ్‌మని ఒక దెబ్బ కొట్టి బోటు ముందుకు దూకేది. రెండు రోజులు అలా దూకించుకుంటూ నడిపాడు.

మూడో రోజు పొద్దున నడి నదిలో అది ఆగిపోయింది. బోటులో నేను, కూరగాయల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు, నర్సింలు. తాడు లాగుతాడు, లేస్తుంది. గేరు వేస్తాడు, ఆగుతుంది. ప్రవాహం మమ్మల్ని పక్కకు లాక్కుపోతోంది. ఒకామె గంగమ్మను పిలుస్తోంది, ఇంకొకామె నర్సింలును తిడుతోంది. నేను ఎవర్నీ పిలవలేదు. రెండు చేతులా చెక్క పట్టుకున్నాను. నర్సింలు గడకర్ర పట్టుకొని తోసి తోసి, చివరికి గడ్డ దిగువన బండల మీదికి బోటును ఎక్కించాడు. మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ బయటికొచ్చాము. ఒకామె గంప కొట్టుకుపోయింది. నా చెప్పులు పోయాయి.

ఆ రోజు వెదురు పుట్టిలో కళ్లు మూసుకొని అవతలి ఒడ్డుకు దాటాను. గద్వాల గదికి చేరగానే మొదట చేసిన పని, బదిలీకి దరఖాస్తు రాసుకోవడం. మా మేనమామ కొడుకు పైరవీ చేస్తానన్నాడు, కాగితం ఇస్తే చాలన్నాడు.

ఇటు గడ్డ మీద పెద్దమనుషులు నర్సింలు మీద పడ్డారు. తాగి నడుపుతున్నాడని ఒకరు, నూనె మిగుల్చుకొని అమ్ముకుంటున్నాడని ఇంకొకరు. మోటరు బాగుకాకపోతే బోటు రేవు వేరేవాళ్లకు ఇస్తామని తేల్చి చెప్పారు. నర్సింలుకు పొలం లేదు. ఆ రేవే బతుకు. వాడు ఏడవలేదు గానీ, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అది చూస్తుంటే నాకు జాలేసింది. నా పీలికకూ ఈ గొడవకూ సంబంధం ఉండొచ్చని అప్పటికి నాకు తట్టనే లేదు.

ఊరినుంచి తిరిగొచ్చిన మిస్త్రీ ఆ మర్నాడు పుట్టిలో గడ్డకు వచ్చాడు. ఈత రాని మనిషి ఆ నిండు నదిలో తట్టలాంటి పుట్టిలో కూర్చొని గుండ్రంగా తిరుగుతూ రావడం చూస్తే నాకే కళ్లు తిరిగాయి. మధ్యాహ్నం మూడు దాటింది. బడి తొందరగా వదిలేసి నేను కూడా ఒడ్డుకొచ్చాను. పెద్దమనుషులు నలుగురు, ఆడవాళ్లు, పిల్లలు చుట్టూ చేరారు. బండ మీద హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

“ఎవడన్న ఇప్పిండా?” అని మిస్త్రీ అడిగాడు. నర్సింలు తల దించుకున్నాడు.

“స్క్రూ తిప్పిండు, అరుపు పెంచిండు. ఇది బాగుజేసుడు గాదు, రోగాన్ని దాసిపెట్టుడు. గంత రేసు మీద గేరేస్తే లోపల పండ్లు రాలుతయి” అంటూ మొదట ఆ స్క్రూను యథాస్థానానికి తిప్పాడు. తర్వాత అడిగాడు: “గేరేసినప్పుడే ఆగుతుందా, జర పోయినంక ఆగుతుందా?”

“రెండు గూడ అయినయ్” అన్నాడు నర్సింలు.

“రెండు ఎట్లయితయిరా! మొదాల్ల ఎట్లుండె, ఇప్పుడెట్లుంది, సక్కగ జెప్పు.”

“మొదాల్ల జర దూరం పోయి ఆగుతుండె. ఇప్పుడైతే ఏసుడుతోనే.”

“అంటే దినాం ఇంత బిగుస్తున్నది ఏదో” అని తనలో తాను అనుకున్నాడు.

మోటరు లేపించి మోచేయి ఆనించాడు. కళ్లు మూశాడు. సైకిలు ట్యూబు ముక్క వేళ్లకు చుట్టుకొని ఒక ప్లగ్గు వైరు పీకి పెట్టాడు, తర్వాత రెండోది. “రెండు మండుతున్నయ్. ఒక్కటే మండితె నిలవడి పాడుతది, పనిజెప్తె పడిపోతది. గది గాదు.” పెట్రోలు పైపు నడుమ ఉన్న రబ్బరు ఉండను పిసుకుతూ గేరు వేయించాడు. ఆగిపోయింది. “ఆకలి గాదు. తిండి అందుతున్నది.”

నాకు చేతి గడియారం మీదే కళ్లు. “కాకా, ఇంకెంతసేపు? ఐదింటిలోపు నాకు గద్వాలలో పనుంది” అన్నాను.

“జర ఆగుండ్రి, మేడం. పైనుంచి కిందికి వస్తున్న.”

మోటరు ఆపించి పైకి లేపించాడు. న్యూట్రల్‌లో ఉంచి, ఫ్యాను రెక్కను ఒక్క వేలితో తోశాడు. కదల్లేదు. రెండు చేతులతో తిప్పితే బండ మీద బండ రాసినట్టు కదిలింది. మిస్త్రీ ముఖం వెలిగింది.

“ఇగో, ఇది ఒక్క యేలుకు తిరగాల. మోటరుకు ఏం రోగం లేదు. నిలవడ్డప్పుడు దీనితోటి పనిలేదు గనుక పాడుతది. గేరేస్తే దీన్ని తిప్పాల, తిప్పలేక ఆగుతది. దాని తప్పు గాదు, నర్సింలూ. నీ తప్పు గూడ గాదు.”

పిన్ను తీశాడు, నట్టు తీశాడు, మూతలో పేర్చాడు. ఫ్యాను ఊడదీసి, లోపలి వాషరు వెనక స్క్రూడ్రైవరు మొన పెట్టి ఏదో పెకలించాడు. నల్లగా, జిడ్డుగా, తాడులా పేనుకుపోయిన ముద్ద. దానికి తెగిన వల దారాలు నాలుగు చుట్టుకొని ఉన్నాయి.

నాకు అప్పుడు తెలిసింది. అది మా అమ్మ చీర అంచు.

జనం వైపు వీపు పెట్టి కూర్చున్నాడాయన. నేను కూర్చున్న బండ ఆయనకు ఎదురుగా ఉంది. ఆ ముద్దను రెండు వేళ్ల మధ్య పెట్టి పురి విప్పినట్టు విప్పాడు. రుద్దాడు. మగ్గం ముందు పన్నెండేళ్లు కూర్చున్న వేళ్లకు అది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. జిడ్డు కింద ఒక మూల ఇంకా ఎర్రగా, జరీ మెరుస్తూ ఉంది. గడ్డ మీద ఏ ఇంట్లోనూ గద్వాల పట్టు లేదు. తలెత్తి నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. అంతే. వల దారాలను మాత్రం బయట పారేసి, ఆ పీలికను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఏం దొరికింది మిస్త్రీ?” అని పెద్దమనిషి అడిగాడు.

“జర వల దారం. అసలు తప్పు నాది” అన్నాడు. “వానలకు ముందు నేనే గద బిగిచ్చిన. వాషరు ఉల్టా వెట్టిన. గదే బిగుసుకపోయింది.”

అందరూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. “నీ తప్పుకు గింతమందిమి సస్తుంటిమి గద!” అంది గంప పోగొట్టుకున్న ఆవిడ. “కండ్లు కనవడకపోతే ఇంట్ల కూసోవాల” అని ఇంకొకరు. మిస్త్రీ పనిలో పడ్డాడు. గ్రీజు రాసి, అన్నీ వరుసగా బిగించాడు. వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. నర్సింలు తాడు లాగాడు, గేరు వేశాడు. బోటు నీళ్లను చీల్చుకుంటూ పోయింది. ఆ రోజు ఆయనకు ఎవరూ టీ ఇవ్వలేదు.

నేను నోరు తెరవలేదు. మూఢనమ్మకాల మీద బొమ్మలు వేసిన మేడం ఆ పిల్లల ముందు ఏమని చెప్పాలి? రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాలేదు.

తర్వాత గడ్డవాళ్లు ఆయన్ని పిలవడం మానేశారు. మాట ఒడ్డు మీదికి పాకింది. అక్కడి జాలర్లు కూడా మానేశారు. వాషరు ఉల్టా పెట్టిన మిస్త్రీ అని పేరు పడిపోయింది. ఆ ఎండాకాలంలో గద్వాల బజారులో ఒక స్పేరుపార్టుల దుకాణం ముందు కనబడ్డాడు. అరుగు మీద కూర్చొని కాళ్లు వేలాడేసుకొని ఉన్నాడు. అప్పటికి నా బదిలీ వచ్చేసింది.

“కాకా, నాకు వనపర్తికి వేశారు” అన్నాను, సంతోషం ఆపుకోలేక.

కాసేపు నన్నే చూశాడు. వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను.

“మంచిగైంది, మేడం. ఆడ బస్సులుంటయి, నీళ్లుండవు” అన్నాడు. తర్వాత అడిగాడు: “మీ జాగల ఎవలొస్తున్నరు?”

“తెలియదు కాకా.”

తల ఊపాడు. చేతిలోని ప్లగ్గును అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఆదివారం గద్వాల వెళ్లాను. మిస్త్రీ ఇంటి ముందు టెంటు వేశారు. పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంది, ఎవరి తొందర వాళ్లది. నర్సింలు నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. వాడి జుట్టు కూడా నెరిసింది. ఒడ్డు జాలర్లు నలుగురైదుగురు వచ్చారు. ఆయన మంచితనం గురించే మాట్లాడుకుంటున్నారు. అంతలో ఒక ముసలి జాలరి అన్నాడు: “చెయ్యి మంచిదే. ఆఖరికొచ్చి తప్పింది. నర్సింలు మోటరుకు వాషరు ఉల్టా వెట్టిండు గద.”

మిగతావాళ్లు అవునన్నట్టు తలలాడించారు. మిస్త్రీ భార్య మంచినీళ్ల గ్లాసులు పట్టుకొని అక్కడే నిలబడింది. ఆమె ముఖం చూడలేకపోయాను. నలభై ఏళ్ల పనిమంతుడి బతుకంతా, ఆయన దినాల నాడు, ఆయన చేయని ఒక్క తప్పు దగ్గరికి వచ్చి ఆగింది.

లేచి నిలబడ్డాను.

“ఆ వాషరు తప్పు ఆయనది కాదు” అన్నాను. “ఫ్యానుకు పట్టు పీలిక కట్టింది నేను. మొక్కు కోసం, ఎవరికీ చెప్పకుండా కట్టాను. అదే బిగుసుకొని మోటరు ఆగింది. ఆయనకు తెలుసు. నా పరువు కోసం తన మీద వేసుకున్నాడు.”

పక్కింటి మగ్గం చప్పుడొక్కటే వినపడింది. చివరికి ఆ ముసలి జాలరే, కోపం లేకుండా, అలసిపోయిన గొంతుతో అన్నాడు: “గప్పుడే జెప్తె అయిపోతుండె గద, మేడం. ఐదేండ్ల సంది ఆయనను పిలువకపోతిమి.”

మిస్త్రీ భార్య గ్లాసు నా చేతికిచ్చింది. “గా దినం ఇంటికొచ్చి పట్టు పీలికను సబ్బువెట్టి ఉతుక్కుంట కూసున్నడమ్మా” అంది. “ఎవరిదయ్యా అంటే, మోటరుది అన్నడు. మస్తు మంచి నేత, పారెయ్య బుద్ధి గాలే అన్నడు. గంతకన్న ఏం జెప్పలే.”

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

బస్టాండుదాకా నర్సింలు నాతో నడిచాడు. సగం దారిలో అన్నాడు: “నాకు గా దినమే తెల్సు, మేడం.”

ఆగిపోయాను. “మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“ఒట్టు వెట్టిచ్చుకున్నడు. బోటు మీద చెయ్యేపిచ్చి. నేను అడిగిన, నీ పేరు ఎందుకు ఖరాబు జేసుకుంటవు అని. గప్పుడు జెప్పిండు. ‘పంతులమ్మకు నీళ్లంటే భయం. ఆమె కట్టిన గుడ్డతోటే బోటు ఆగిందని ఊరికి తెలిస్తె సిగ్గుకు తెల్లారే బదిలీ వెట్టుకుంటది. మిస్త్రీలు గద్వాలల మస్తుమంది దొరుకుతరు. దినాం నీళ్లు దాటొచ్చే పంతులమ్మ యాడ దొరకాల? బడి ఉండాల గద. తప్పు నాదనే జెప్పు’ అన్నడు.”

రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతున్నాయి. బస్టాండు దగ్గర అడిగాను, “బడి ఎట్లుంది?”

“తాళం, మేడం. మీ ఎనక ఇద్దరొచ్చిండ్రు, నెల గూడ నిలువలే. పోరగాండ్లంత హాస్టళ్లల్ల వడ్డరు.”

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నర్సింలు కిందనే నిలబడి చేయి ఊపాడు. వాడికి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. టెంటులో అంతమంది ముందు ధైర్యంగా లేచి చెప్పినప్పుడు కూడా దాన్ని చెప్పలేదు. మిస్త్రీ నా కోసం తన పేరు పారేసుకున్న ఆ మధ్యాహ్నం, నా ఒళ్లోని హ్యాండ్‌బ్యాగులో బదిలీ దరఖాస్తు సంతకంతో సహా సిద్ధంగా ఉంది. ఐదింటిలోపు గద్వాలలో పనుందని ఆయన్ని తొందరపెట్టింది దానికోసమే. ఆయన బాగుచేసిన మోటరుతోనే నది దాటి, ఆఫీసు మూయకముందే వెళ్లి, ఆ కాగితం ఇచ్చేశాను.